గోడ మీది చెట్టుకప్ప: రంగును నమ్మలేం, తొడ చూడాలి

నెల్లూరులో అక్టోబరు నెలాఖరున ముసురు పట్టిందంటే నాలుగు రోజుల్లోనే ఇళ్ళల్లో ఒక కేక వినబడుతుంది. బాత్రూంలో కుళాయి వెనకో, కరెంటు మీటరు పెట్టె కిందో, మేడ మీది నీళ్ళ ట్యాంకు మూత అంచునో ఒక కప్ప అతుక్కుని ఉంటుంది. రాత్రి లైటు వేసి చూస్తే ముదురు గోధుమ రంగు. మరునాడు మధ్యాహ్నం ఎండ పడిన గోడ మీద చూస్తే పాలిపోయి సున్నం పూసినట్టు తెల్లగా ఉంటుంది. నిన్నటిది పోయి ఇంకోటి వచ్చిందనుకుంటారు చాలామంది. చాలాసార్లు అది నిన్నటి కప్పే.

దీన్ని మామూలు చెట్టుకప్ప అంటారు. శాస్త్రీయ నామం పాలీపెడేటిస్ మాక్యులేటస్, రాకోఫోరిడే కుటుంబం. మగది సుమారు 5 సెంటీమీటర్లు, ఆడది 7 నుంచి 8 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది. వేళ్ళ చివర గుండ్రటి దిండ్లుంటాయి, వాటితోనే నిలువు గోడను, టైల్స్‌ను, అద్దాన్ని కూడా పట్టుకుంటుంది. భారతదేశంలో చాలా భాగం, శ్రీలంక, నేపాల్, బంగ్లాదేశ్, భూటాన్ దీని నివాసం. ప్రకృతి పరిరక్షణ సంస్థ ఐయూసీఎన్ లెక్కలో ఇది ప్రమాదం లేని జాతి. ఇంత విరివిగా దొరికే ప్రాణి గురించి తేల్చాల్సింది ఏముంటుందని అనిపించవచ్చు. కానీ ఇంత పెద్ద పటం మీద ఒకే పేరు రాసి ఉన్నప్పుడే అసలు ప్రశ్న పుడుతుంది. హిమాలయ పాదాల దగ్గరి కప్ప, కావలి నిమ్మతోటలోని కప్ప, శ్రీలంక ఇంటి గోడ మీది కప్ప నిజంగా ఒకటేనా? ఒకటే అయితే ఇన్ని రంగులెందుకు? వేరైతే ఏది చూసి వేరనాలి?

ఈ కప్పకు పేరు పెట్టింది 1830లో, లండన్‌లో. బ్రిటిష్ మ్యూజియంలో పనిచేసిన జాన్ ఎడ్వర్డ్ గ్రే, బెంగాల్ ఫిరంగి దళంలో ఉద్యోగం చేసిన మేజర్ జనరల్ హార్డ్‌విక్ సేకరణలోని బొమ్మలు, నమూనాల ఆధారంగా ప్రచురించిన చిత్ర సంపుటాల్లో దీనికి హైలా మాక్యులేటా అని పేరు పెట్టాడు. మాక్యులేటస్ అంటే లాటిన్‌లో మచ్చలున్నది. అంటే పేరులోనే మచ్చ ఉంది. చిక్కల్లా ఏమిటంటే కొన్ని కప్పల వీపు మీద మచ్చలు స్పష్టంగా ఉంటాయి, కొన్నిటికి అసలు కనపడవు, కొన్నిటికి మెడ దగ్గర ఇసుక గడియారం ఆకారంలో ఒక ముదురు గుర్తు ఉంటుంది. ఇంగ్లీషు పుస్తకాల్లో దీనికి ఇంకో పేరు కూడా కనిపిస్తుంది: చునాం కప్ప. చునాం అంటే మన సున్నమే. తెల్లగా మారి సున్నపు గోడ మీద కనపడకుండా కూర్చునే కప్పకు ఇంతకంటే సరిపోయే పేరు దొరకదు. మాక్యులేటస్ అన్న పేరు ఒక కప్ప ఒక క్షణంలో ఉన్న తీరును చెబితే, సున్నపు కప్ప అన్న పేరు దాని అలవాటును చెబుతుంది. రెండో పేరే నిజానికి దగ్గర.

రంగు మార్పు ఎలా జరుగుతుందో తెలిస్తే ఈ తికమక సగం తీరుతుంది. కప్ప చర్మంలో రంగు కణాలు పొరలు పొరలుగా ఉంటాయి. పైన పసుపు కణాలు, వాటి కింద వెలుతురును అద్దంలా తిప్పికొట్టే కణాలు, అడుగున నలుపు కణాలు. నలుపు కణాలకు సాలెపురుగు కాళ్ళలాంటి కొమ్మలుంటాయి. కణంలోని నల్లటి రేణువులు ఆ కొమ్మల నిండా పరుచుకుంటే చర్మం ముదురవుతుంది, అవే రేణువులు కణం మధ్యకు ముడుచుకుంటే చర్మం వెలుస్తుంది. మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి నుంచి వచ్చే హార్మోను దీన్ని నడిపిస్తుంది. చల్లదనం, తడి, చీకటి, కంగారు, ఆనుకుని కూర్చున్న చోటి రంగు, ఇవన్నీ ఆ హార్మోను మీద పనిచేస్తాయి. అందుకే తడిసిన వేపచెట్టు బెరడు మీద కనిపించిన ముదురు కప్ప, ఎండలో గోడ మీద కాసేపటికి పాలిపోయిన కప్పగా మారుతుంది. తెల్లగా మారితే ఎండ వేడి ఒంటికి తక్కువ ఎక్కుతుంది. మే నెలలో ఉక్కపోతకూ వడగాడ్పుకూ పేరుపడ్డ ఈ ప్రాంతంలో ఒక కప్పకు ఇది చిన్న విషయం కాదు.

నీటిని కాపాడుకోవడంలో దీనికి ఇంకో విద్య కూడా ఉంది. కప్పల చర్మం తడి గుడ్డలాంటిది, గాలి తగిలితే ఆరిపోతుంది. కానీ ఈ చెట్టుకప్ప చర్మంలోని గ్రంథుల నుంచి కొవ్వు కలిసిన జిగురు ఊరుతుంది. దాన్ని కాళ్ళతో, చేతులతో ఒళ్ళంతా, వీపు మీద కూడా, పులుముకుంటుంది. హార్వే లిలీవైట్, ఎ.కె. మిట్టల్ బృందం ఈ పులుముడును శ్రద్ధగా గమనించి, దానివల్ల చర్మం నుంచి ఆవిరైపోయే నీరు తగ్గుతుందని 1997లో ప్రచురించింది. పులుముకోవడం అయ్యాక కప్ప కాళ్ళు, చేతులు ఒంటి కిందికి లాక్కుని, కళ్ళు సగం మూసి, ముద్దలా ముడుచుకుని కదలకుండా కూర్చుంటుంది. మీటరు పెట్టె మీద రోజంతా చచ్చినట్టు పడి ఉండేది బద్ధకం వల్ల కాదు, బతకడానికే. కదిలిస్తే అది వదిలే నీరు, ఇళ్ళల్లో భయపడుతున్నట్టు విషం కాదు. మూత్రాశయంలో కరువు రోజుల కోసం దాచుకున్న నీరు. దాన్ని బెదిరించి ఆ నీరు పారబోయిస్తే దాని రేపటి బతుకును ఒలకబోసినట్టే. ఉప్పు చల్లి తరమడం ఇంకా క్రూరం. ఉప్పు ఆ పలచటి చర్మంలోంచి నీటిని లాగేస్తుంది, కప్ప నెమ్మదిగా చస్తుంది. చీపురుతో మెల్లగా మగ్గులోకి నెట్టి తోటలో వదిలితే సరిపోతుంది.

రంగును నమ్మలేనప్పుడు దేన్ని నమ్మాలి? మొదట తొడ. వెనక కాలు చాపినప్పుడు తొడ వెనక భాగంలో ముదురు ఊదా గోధుమ రంగు వల, ఆ వల కన్నుల్లో గుండ్రటి పసుపు చుక్కలు కనిపిస్తాయి. కూర్చున్నప్పుడు ఇవి దాగి ఉంటాయి, గెంతినప్పుడు మెరుస్తాయి. వీపు ఎంత పాలిపోయినా ఈ చుక్కలు గుర్తుపట్టేలా ఉంటాయి. తరువాత కాళ్ళు: వెనక కాలి వేళ్ళ మధ్య పొర ఉంటుంది, ముందు చేతి వేళ్ళ మధ్య దాదాపు ఉండదు. పడమటి కనుమల్లో ఆకుపచ్చగా ఉండి నాలుగు కాళ్ళ పొరలూ విప్పి చెట్టు నుంచి చెట్టుకు జారే మలబారు కప్పతో దీనికి ఇక్కడే తేడా తెలిసిపోతుంది. ఇంకొకటి తల చర్మం. మామూలు చెట్టుకప్ప నెత్తి మీద చర్మం వదులుగా ఉంటుంది. శ్రీలంకలోని ఇసుక గడియారం చెట్టుకప్పకూ, దాన్ని పోలినదిగా పడమటి కనుమల నుంచి 1998లో వర్ణించిన దాని బంధువుకూ ఆ చర్మం పుర్రె ఎముకకు అంటుకుపోయి ఉంటుంది. వీపు మీద ఇసుక గడియారం గుర్తు ఒక్కటే చూసి ఇది ఆ జాతి అనేస్తే పొరపడినట్టే. ఆ గుర్తు మాక్యులేటస్‌లో కూడా కొన్నిటికి వస్తుంది.

ఇలాంటి పొరపాట్లు శాస్త్రంలో వందేళ్ళకు పైగా నడిచాయి. తూర్పున జావా, మలయా వైపు ఉండే కప్పకు లూకోమిస్టాక్స్ అని పేరు, అంటే తెల్ల మీసం. దానికీ మన కప్పకూ మధ్య గీత ఎక్కడ గీయాలో చాలాకాలం తేలలేదు. ఈశాన్య భారతంలోని కప్పల్ని ఒకరు ఆ పేరుతో పిలిచారు, ఇంకొకరు మాక్యులేటస్‌లో హిమాలయ ఉపజాతి అన్నారు. 1987లో అలైన్ డుబోయిస్ తూర్పు నేపాల్ కప్పలకు హిమాలయాల దిగువనున్న తెరాయి మైదానం పేరుతో టెరాయెన్సిస్ అని వేరే పేరు ప్రతిపాదించాడు. అంటే పేరు ఒకటే అనుకున్న పటం తూర్పు అంచున చీలింది.

2019లో ఇంకా ఆశ్చర్యకరమైన సంగతి బయటపడింది. కలకత్తా పొలిమేరల్లో, ఇళ్ళకు దగ్గరలో కనిపించిన కొన్ని చెట్టుకప్పల మీద కళ్ళ వెనక నుంచి మలద్వారం దాకా ఆరు నుంచి తొమ్మిది ముదురు గోధుమ మచ్చలు వరసగా ఉన్నాయి. రూపాన్ని, అరుపును, డీఎన్‌ఏను పోల్చి చూసి జయాదిత్య పురకాయస్థ, ఇంద్రనీల్ దాస్ తదితరులు దాన్ని పాలీపెడేటిస్ బెంగాలెన్సిస్ అనే కొత్త జాతిగా ప్రకటించారు. దట్టమైన అడవిలో కాదు, కోటికి పైగా జనం ఉండే మహానగరం అంచున. గోడ మీద రోజూ కనిపించేది కాబట్టి తెలిసినదే అనుకోవడం ఎంత తప్పో దీన్నిబట్టి తెలుస్తుంది. మచ్చల వల్లనే అది వేరు జాతి కాలేదన్నది కూడా గుర్తుంచుకోవాలి. మచ్చలు అనుమానం పుట్టించాయి. రూపం, అరుపు, డీఎన్‌ఏ ఒక్క మాట చెప్పాకే అనుమానం తీరింది.

ఇప్పుడు పటాన్ని దగ్గరగా తెచ్చి ఉమ్మడి నెల్లూరు, ప్రకాశం జిల్లాల మీద పెడదాం. పుస్తకంలోని పటం ఈ రెండు జిల్లాలకూ ఒకే రంగు పూస్తుంది. నేల మీద అలా ఉండదు. ఈ కప్ప బతకడానికి చెట్టో గోడో చాలు, కానీ సంతానం కలగడానికి నీరు కావాలి, అదీ ఒక ప్రత్యేకమైన తీరులో కావాలి. జత కట్టినప్పుడు ఆడకప్ప ఒంటి నుంచి వచ్చే ద్రవాన్ని వెనక కాళ్ళతో మజ్జిగ చిలికినట్టు చిలికి నురుగు చేస్తుంది. కొన్ని వందల గుడ్లు ఆ నురుగులో పెడుతుంది. ఆ నురుగు గూడు నీటి మీదికి వంగిన కొమ్మకో, బావి గట్టుకో, సిమెంటు తొట్టి లోపలి గోడకో అంటి ఉంటుంది. బయట గట్టిపడి పెంకు కడుతుంది, లోపల తడి నిలుస్తుంది. నాలుగైదు రోజులకు గుడ్లు పొదిగి, నురుగు కరిగి, తోకకప్పలు బొట్లు బొట్లుగా కింది నీటిలో రాలతాయి. అవి కాళ్ళు వచ్చి బయటికి రావడానికి సుమారు రెండు నెలలు పడుతుంది. ఒడిశాలో ప్రియంవద మొహంతీ హెజ్మాది, సుశీల్ కుమార్ దత్తా ఈ కప్ప జీవిత చక్రాన్ని గుడ్డు నుంచి పిల్ల కప్ప దాకా 1988లోనే వివరంగా నమోదు చేశారు.

కాబట్టి కప్ప ఎక్కడుందో తెలియాలంటే, చేపలు లేని నీరు రెండు నెలలు ఎక్కడ నిలుస్తుందో వెతకాలి. ఇక్కడే నెల్లూరు మిగతా దేశానికి భిన్నం. కేరళలో, బెంగాల్‌లో, ఒడిశాలో జూన్, జులై నెలల నైరుతి వానలకు కప్పలు అరుస్తాయి. నెల్లూరు తీరంలో ఏడాది వానలో సగానికి పైగా అక్టోబరు నుంచి డిసెంబరు లోపల ఈశాన్య రుతుపవనాలతో, వాయుగుండాలతో పడుతుంది. కుంటలు నిండేది అప్పుడే. ప్రకాశంలో పడమటికి వెళ్ళేకొద్దీ, మార్కాపురం, గిద్దలూరు వైపు, నైరుతి వాటా పెరుగుతుంది. అంటే వంద, నూటయాభై కిలోమీటర్ల దూరంలోనే ఒకే కప్పకు వాన క్యాలెండరు రెండు రకాలుగా ఉంటుంది. రంగులో తేడాకన్నా ఈ కాలం తేడా చాలా లోతైనది. రెండు గుంపులు వేర్వేరు నెలల్లో జత కడుతూ పోతే, వేల ఏళ్ళలో అవి దూరమయ్యే దారి అక్కడ తెరుచుకుంటుంది. జాతులు పుట్టే దారుల్లో ఇదొకటి.

నీటి వనరుల్లో కూడా తేడాలున్నాయి. కంభం చెరువులాంటి పెద్ద చెరువు చూడ్డానికి కప్పల స్వర్గంలా ఉంటుంది కానీ, చేపలున్న లోతు నీటిలో రాలిన తోకకప్ప ఎక్కువసేపు బతకదు. చెరువు కాదు, చెరువు వెనక ఊటకు నిలిచే మడుగే దాని చోటు. తీరప్రాంతంలో ఇసుక నేలల్లో రైతులు తవ్వుకునే దొరువులు ఇంకా మంచి చోటు. అడుగున మంచినీటి ఊట, చుట్టూ తాటి, సరుగుడు, అరటి, ఒడ్డున వంగిన గడ్డి. దొరువు పూడ్చి బోరు వేసినప్పుడు కప్పకు చెట్టు మిగులుతుంది కానీ ఉయ్యాల పోతుంది. వరి కయ్యలు రొయ్యల గుంటలుగా మారిన చోట ఇంకా కష్టం. కప్ప గుడ్డుకు, తోకకప్పకు ఉప్పు పడదు. దోమల కోసం కుంటల్లో వదిలే గంబూసియా చేప దోమ పిల్లలతో పాటు తోకకప్పల్ని కూడా తింటుంది. దోమల మీద పోరాటం అవసరమే. కానీ దోమను తినే ఇతర ప్రాణుల పిల్లల్ని మింగే చేపను ప్రతి చిన్న నీటి గుంటలోనూ పోయడం సరైన పద్ధతి కాదు.

సముద్రం అవతలి సంగతి కూడా చెప్పుకోవాలి, ఎందుకంటే ఈ కప్ప శ్రీలంకలో కూడా ఉంది. ఈదిపోయిందా? అవసరం లేకపోయింది. సుమారు 20,000 ఏళ్ళ కింద మంచుయుగం ముదిరినప్పుడు సముద్ర మట్టం ఇప్పటికన్నా సుమారు 120 మీటర్లు కిందికి దిగింది. పాక్ జలసంధి లోతు చాలా తక్కువ కాబట్టి అక్కడ పొడి నేల బయటపడి, తమిళనాడు, శ్రీలంక ఒకే భూమిగా ఉండేవి. అయినా 2004లో ఫ్రాంకీ బోసూట్ బృందం సైన్స్ పత్రికలో చూపించిన విషయం వేరు. పడమటి కనుమల తడి అడవుల ప్రాణులకూ శ్రీలంక తడి అడవుల ప్రాణులకూ మధ్య రాకపోకలు అనుకున్నంత జరగలేదు, రెండు చోట్లా విడివిడిగా పరిణామం సాగింది. దారి ఉన్నా నడవలేకపోయాయి, మధ్యలోది ఎండు నేల కనుక. తడి అడవి కప్పకు అడ్డుగోడ అయిన ఆ ఎండు నేలే, ఒంటికి జిగురు పులుముకుని ఎండను తట్టుకునే కప్పకు బాట అయివుంటుంది. పడమటి కనుమల్లో ఒక్క లోయకే పరిమితమైన కప్పలెన్నో ఉండగా, ఇది సగం ఉపఖండం ఎలా ఆక్రమించిందో అర్థం కావాలంటే ఈ ఓర్పును లెక్కలోకి తీసుకోవాలి.

ఇప్పుడు మనుషులే దానికి బాట వేస్తున్నారు. తెల్ల మీసం కప్ప 1960ల్లో జపాన్‌లోని ఒకినావా దీవుల్లో కనిపించింది. అది అక్కడి ప్రాణి కాదు. ఓడల్లో సామాన్ల మధ్య ఫిలిప్పీన్స్ నుంచి చేరిందని తరువాత డీఎన్‌ఏ పరీక్షలు సూచించాయి. మన కప్పకూ అలాంటి ప్రయాణాలకు ఏ అడ్డూ లేదు. అరటి గెలల లారీలో, కడియం నర్సరీల నుంచి వచ్చే కుండీల ఆకుల మధ్య, ముడుచుకుని రెండు రోజులు కూర్చోగల ప్రాణి అది. అందువల్ల ఒంగోలు కాలనీలో పూలకుండీ వెనక దొరికిన కప్పను చూసి, ఈ జాతి సహజంగా ఇక్కడిదే అని రాయడానికి తొందరపడకూడదు. వెలిగొండ వాగు పక్కన రాతి గుండం మీద నురుగు గూడుతో దొరికిన కప్ప సాక్ష్యం దానికన్నా బలమైనది.

వెలిగొండల గురించి ఇంకో మాట. పెంచలకోన, ఉదయగిరి దుర్గం, సోమశిల చుట్టుపక్కల కొండల వరస దక్షిణాన శేషాచలం వైపు సాగుతుంది. శ్రీలంకకు చెందినదిగా భావించిన ఒక బుల్లి పొదకప్ప, సూడోఫిలాటస్ రీజియస్, ఇటీవలి సంవత్సరాల్లో ఆ శేషాచలం అడవుల్లో దొరికింది. పొదకప్పలకు నురుగు గూడు ఉండదు, తోకకప్ప దశ కూడా నీటిలో ఉండదు. గుడ్డులోనే అంతా పూర్తయి బుల్లి కప్పగా బయటికి వస్తుంది. చెట్టు మీద దొరికింది కదా అని పెంచలకోనలో కనిపించిన ప్రతి కప్పనూ మామూలు చెట్టుకప్ప ఖాతాలో వేయకూడదనడానికి ఇది చాలు.

నెల్లూరుకు ఈ పని కొత్త కూడా కాదు. 1840ల్లో ఇక్కడ సివిల్ సర్జన్‌గా ఉన్న థామస్ జెర్డన్ అడవి జంతువుల సంగతులు యానాదుల దగ్గర అడిగి తెలుసుకున్నాడు. కలివికోడి అనే అరుదైన పక్షిని శాస్త్రానికి పరిచయం చేసింది అతనే. 1853లో ద్వీపకల్పపు సరీసృపాలు, కప్పల పట్టిక ప్రచురించాడు. అప్పట్లో కర్నాటిక్ అన్న తూర్పు తీర మైదానాల పెద్ద కప్ప ఒకటి నేటికీ అతని పేరుతోనే జెర్డన్ కప్పగా వాడుకలో ఉంది. ఆ పట్టికల వెనక వాగు వాగూ తిరిగిన యానాదుల చూపు ఉంది. వాళ్ళ పేర్లు మాత్రం మనకు పెద్దగా తెలియవు.

ఇప్పుడు ఫోను ఉన్న ఎవరైనా ఆ పని కొనసాగించవచ్చు. ఐనాచురలిస్ట్, ఇండియా బయోడైవర్సిటీ పోర్టల్ లాంటి వెబ్‌సైట్లలో చెట్టుకప్ప ఫొటోలు చాలా వస్తాయి, ఎక్కువ భాగం గోడ మీద కూర్చున్న వీపు ఫొటోలే. వీపు ఫొటో ఒక్కటీ పెద్దగా ఉపయోగపడదు. కప్పను ముట్టుకోకుండా పక్క నుంచి, అది కాలు చాపిన క్షణంలో, తొడ వెనక చుక్కలు కనపడేలా ఒకటి తీయాలి. కొలత కోసం పక్కన ఒక రూపాయి నాణెం. తేదీ, ఊరు, కూర్చున్న చోటు, ముందురోజు వాన పడిందా లేదా. రాత్రి టక టక టకమని అరుస్తుంటే అర నిమిషం రికార్డు. నురుగు గూడు కనపడితే దాని కింద ఏ నీరుందో, ఆ నీటిలో చేపలున్నాయో లేదో ఒక్క వాక్యం.